అత్తగారి పింఛను సరే, మీ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది?

ఉత్తరం: మాది బాపట్ల జిల్లాలో పర్చూరు వైపు ఒక ఊరు. నా వయసు 33. పాప మా ఊరి జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి, బాబు మండలంలో కాన్వెంటులో ఐదో తరగతి. సొంత పొలం లేదు. మా ఆయన రెండెకరాలు కౌలుకు చేస్తారు, ఖాళీగా ఉన్నప్పుడు ట్రాక్టరు తోలతారు. నేను ఉపాధి పనికీ, మిరపకాయల కోతకీ వెళ్తాను. మా అత్తగారికి నెలకు 4,000 వితంతు పింఛను వస్తుంది. ఉండేది, తినేది మా దగ్గరే. ఒకటో తారీఖున డబ్బు చేతిలో పడగానే రెండు వేలు మా ఆడబిడ్డకు పంపేస్తుంది. మిగతావి మందులకనీ, మనవరాలి ట్యూషన్‌కనీ చెబుతుంది. ఇంట్లోకి రూపాయి తియ్యదు. పోయిన జూన్‌లో పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 26,000 నా ఖాతాలో పడితే మా ఆయన కౌలు బాకీకి కట్టేశారు. బాబు ఫీజుకు నేను వడ్డీకి తెచ్చాను. అంతకుముందు డ్వాక్రాలో నేను తీసిన 50,000 కూడా పొగాకు మీదే పెట్టారు. ఆ కంతులు నా కూలి డబ్బులతో కడుతున్నాను. కార్డు ఆయన దగ్గరే ఉంటుంది, మెసేజ్‌లు కూడా ఆయన ఫోనుకే వస్తాయి. ఆయన మంచివారు, తాగరు, ఏనాడూ చెయ్యెత్తలేదు. నా టెన్షనంతా మా అత్తగారితోనే. పింఛనులో సగమైనా ఇంట్లో ఇవ్వమని అడగడం తప్పా? ఎలా అడగాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అడగొద్దు. సగం కాదు, పావు కూడా అడగొద్దు. ఆ డబ్బు ఆవిడది. ఆవిడ కూతురికి పంపుకుంటారో, గుళ్లో హుండీలో వేస్తారో ఆవిడ ఇష్టం. తిండి పెడుతున్నాం కదా అంటారేమో. అత్తగారికి అన్నం పెట్టి లెక్క రాసే ఇల్లు కాదనే అనుకుంటున్నాను మీది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇంకో మాట. చివర్లో ఏదో మాటవరసకు రాశారు, కార్డు ఆయన దగ్గరే ఉంటుందని. దాని మీద మీకు కోపం లేదు, ప్రశ్న లేదు. నాకు మాత్రం మిగతా ఉత్తరమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నట్టే కనిపించింది.

ఒక లెక్క వేద్దాం. అత్తగారి నుంచి సగం రాబట్టినా ఏడాదికి మీకు వచ్చేది 24,000. మీ పేరు మీద వచ్చి మీ చేతికి అందకుండా పోయింది 76,000. తల్లికి వందనం 26,000, డ్వాక్రా 50,000. అందులో రెండోది అప్పు. ఖర్చు పెట్టింది ఆయన, సంతకం పెట్టింది మీరు, ఎండలో నిలబడి తీరుస్తున్నది మీరు. ఈ 76,000 గురించి మీ ఆయనతో ఒక్క మాట అనలేకపోయారు. ఆ కోపం ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి, ఎదురు చెప్పలేని మనిషి మీద పడింది. అత్తాకోడళ్ల గొడవ అని మీరు అనుకుంటున్నది నిజానికి మీకూ మీ ఆయనకూ మధ్య జరగాల్సిన గొడవ. జరగలేదు గనక ఇటు తిరిగింది.

మీ అత్తగారి వైపు నుంచి కూడా కాస్త చూడండి. 2014కు ముందు ఈ పింఛను నెలకు 200. కూతురు పండక్కి వస్తే రవిక గుడ్డ పెట్టాలన్నా కొడుకు వంకా కోడలి వంకా చూడాల్సిన రోజులవి. తర్వాత వెయ్యి అయింది, రెండు వేలయింది. 2024 జూలై 1న బకాయిలతో కలిపి ఒకేసారి 7,000 చేతికొచ్చాయి. అప్పటి నుంచి నెలకు 4,000, సచివాలయం వాళ్లు ఇంటికే వచ్చి చేతిలో పెట్టి వెళ్తున్నారు. ఈ వయసులో, ఎవరినీ అడక్కుండా కూతురికి రెండు వేలు పంపగలగడం ఆవిడకు ఎంత గొప్పో మీకు తెలియదా? రేపు మీ పాప అత్తారింట్లో ఇబ్బంది పడితే మీరు పంపరా?

ఇంకోటి. ఏదో ఒకటి చెబుతుందన్నట్టు తేలిగ్గా రాశారు గానీ, మీ పాప ట్యూషన్ ఫీజు కడుతున్నది ఆవిడే. పింఛను నాయనమ్మ చేతికి వస్తే ఏమవుతుందో ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో దక్షిణాఫ్రికాలో పరిశీలించారు. 2019లో నోబెల్ అందుకున్నావిడే. 1990ల మొదట్లో అక్కడ నల్లజాతి వృద్ధులకు పింఛను బాగా పెంచారు. ఆ డబ్బు ముసలావిడ చేతికి వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల ఎత్తూ బరువూ మెరుగుపడ్డాయి. తాత చేతికి వచ్చిన ఇళ్లలో అలాంటి మార్పు కనిపించలేదు. మీ ఇంట్లో ఆ పింఛనులోంచి కొంత మీ పాప చదువుకే పోతోంది. దాన్ని తెచ్చి ఇంటి ఖర్చులో కలిపితే ముందు ఆగేది ఆ ట్యూషనే. రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ ఆయన సంగతి. మంచివారంటున్నారు, నమ్ముతాను. మనిషిని తిట్టి చేతులు దులుపుకునే సలహా ఇవ్వను. 2025లో మీ వైపు నల్లబర్లీ పొగాకు వేసినవాళ్లకు ఏమైందో తెలుసు. కంపెనీలు కొనలేదు, ధర పడిపోయింది, చివరికి ప్రభుత్వమే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. పొలం తనది కాదు, పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 సొంత భూమి ఉన్నవాళ్లకే. 2025 ఆగస్టు 2న రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ 5,000, పీఎం కిసాన్ 2,000 కలిపి రైతుల ఖాతాల్లో పడ్డాయి. మీ పొలం యజమానికి పడి ఉంటాయి, ఆ పొలంలో ఒళ్లు వంచుతున్న మీ ఆయనకు రాలేదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు. తల్లి పేరున పింఛను, భార్య పేరున పిల్లల డబ్బు. ఆయన పేరున ఉన్నది అప్పు ఒక్కటే. పైకి అనరు గానీ ఆయనకిది గుచ్చుకుంటూ ఉంటుంది. ఇంటికి డబ్బు తెచ్చే మగవాడిగా పెరిగిన మనిషికి, భార్య ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేయడం తనను పక్కకు నెట్టినట్టే అనిపించవచ్చు. కార్డు జేబులో పెట్టుకోవడం వెనక ఆ ఉక్రోషం కూడా ఉందేమో.

అర్థం చేసుకోండి. లొంగిపోకండి. ఈ రెండూ వేరు. మన ఆడవాళ్లు చాలామంది మొదటిది చేస్తూ రెండోదానిలోకి జారిపోతారు.

ఆ డబ్బు తల్లి ఖాతాలో ఎందుకు వేస్తారో ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. తండ్రి ఖాతాలో పడితే ఎరువుల కొట్టుకో, కౌలుకో పోతుందని వేరే చెప్పాలా? ఒక్కో బిడ్డకు 15,000లో రెండు వేలు బడి నిర్వహణకు పోగా 13,000 వస్తాయి. ఇంతకుముందు అమ్మఒడి పథకం రోజుల్లో తల్లికి ఒక్క బిడ్డకే వచ్చేది, ఇప్పుడు చదివే ప్రతి బిడ్డకూ వస్తోంది. అంటే ఆ 26,000లో 13,000 మీ పాపవి. ఆ పిల్లకు అందులోంచి ఏం కొన్నారు? మీ ఉత్తరంలో బాబు ఫీజు సంగతి ఉంది, పాప కోసం మీరు పెట్టిన ఖర్చు ఒక్కటీ లేదు.

మధ్యప్రదేశ్‌లో కొందరు పరిశోధకులు ఉపాధి హామీ కూలి మీద ఒక ప్రయోగం చేశారు. అంతవరకు ఆడవాళ్ల కూలి కూడా ఇంటి యజమాని ఖాతాకే వెళ్లేది. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లకు సొంత ఖాతా తెరిపించి ఊరుకున్నారు. కొన్నిచోట్ల కూలి నేరుగా ఆ ఖాతాలోనే పడేట్టు చేసి, దాన్ని ఎలా వాడుకోవాలో కూర్చోబెట్టి నేర్పారు. ఆ రెండో రకం ఊళ్లలో ఆడవాళ్లు, ఖాతా మాత్రమే ఉన్నవాళ్లకంటే ఎక్కువగా బయట పనికి వెళ్లారు. మీకు ఖాతా ఉంది, డబ్బు నేరుగా పడుతోంది. వాడటం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. పాస్‌బుక్ మీద మీ ఫొటో ఉంటే సరిపోతుందా?

ఇంకో బ్యాంకులో చాటుగా ఖాతా తెరిచి దాచుకొమ్మని కొందరు చెబుతారు. నేను చెప్పను. దొంగతనంగా దాచుకుంటే మీ డబ్బును మీరే దొంగసొమ్ము చేసుకున్నట్టు. ఆయనకు చెప్పే చేయండి. పిల్లలు పడుకున్నాక, అత్తగారి పేరెత్తకుండా, ఇలా అనండి: "పిల్లల డబ్బు ఇకనుంచి నా దగ్గరే ఉంటుంది. ముందు ఇద్దరి చదువు ఖర్చులు పోవాలి. మిగిలితే పొలానికి ఇస్తాను, కానీ పుస్తకంలో రాసుకుని ఇస్తాను. డ్వాక్రా కంతు పంట డబ్బు రాగానే మీరే కట్టాలి." ఆయన అలుగుతారు. రెండు రోజులు మాట్లాడరు. అన్నం వద్దంటే తల్లి పెడుతుంది లెండి. మీరు మెత్తబడి మళ్లీ కార్డు ఇచ్చేయకండి, అంతే.

మీ ఆయన చెయ్యెత్తే మనిషై ఉంటే ఇలా ఎదురుగా కూర్చుని మాట్లాడమని చెప్పేదాన్ని కాదు. ఇది చదివే వేరే ఎవరికైనా ఇంట్లో దెబ్బల భయం ఉంటే ముందు 181కి ఫోన్ చేయండి, డబ్బు సంగతి తర్వాత.

ఆయనకు మీరు చేయగల సాయం వేరే ఉంది. కౌలు రైతులకు ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు ఆయనకు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఇద్దరూ కలిసి రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. యజమాని సంతకం దగ్గరే చాలామందికి పని ఆగిపోతోంది. సంతకం పెడితే పొలం మీద హక్కు వచ్చేస్తుందేమోనని యజమానులకు భయం. ఆ ఒప్పందం పదకొండు నెలలకే, భూమి హక్కుతో దానికి సంబంధం లేదు. ఈ మాట యజమానికి మీ ఆయన ఒక్కరే చెప్పడం కంటే ఊళ్లో నలుగురు కౌలు రైతులు కలిసి వెళ్లి చెప్పడం మేలు. కార్డు ఉంటే బ్యాంకులో పంట రుణం అడగొచ్చు, పథకాలకూ దారి దొరుకుతుంది. ఆయన పేరున కూడా ఏదో ఒకటి ఉంటే మీ కార్డు మీద ఆయన పట్టు సగం తగ్గుతుంది.

అత్తగారితో మాత్రం ఇప్పుడేమీ మాట్లాడొద్దు. ఇన్నాళ్లూ ముఖం మాడ్చుకుని తిరిగి ఉంటారు, అది మానేయండి చాలు. ఆవిడ ట్యూషన్ మాస్టారుకు ఫీజు కట్టొచ్చినప్పుడు ఒక మంచి మాట అనండి.

ఈ నెలాఖరులోగా ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. ఖాతాకు మీ ఫోన్ నంబరు కలపమనండి, తర్వాత ఏటీఎం పిన్ మార్చండి. మెసేజ్ మీ ఫోనుకు రావాలి. పెద్ద చదువు అక్కర్లేదు, కౌంటరులో అడిగితే ఫారం వాళ్లే నింపిస్తారు. కార్డు ఇవ్వడానికి ఆయన ఒప్పుకోకపోతే అది పోయిందని అబద్ధం చెప్పకండి. నా కార్డు ఆపేయండి, కొత్తది ఇవ్వండి అంటే చాలు, ఖాతా మీది.

బాబు కాన్వెంటులో, పాప ప్రభుత్వ బడిలో ఎందుకు చదువుతున్నారో మాత్రం మీరు రాయలేదు. ఇంకో ఉత్తరం రాయండి. దాని గురించి నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి.