పీహెచ్‌పీలో ఖాళీ విలువను చెక్ చేయడానికి ఎంప్టీ ఒక్కటి చాలా?

వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషలో, ఫారం నుంచి వచ్చిన విలువ ఖాళీగా ఉందో లేదో చూడటానికి ఎంప్టీ (empty) చాలా, ఇజ్‌సెట్ (isset) కూడా రాయాలా అని అడిగారు. పేరు, ఊరు లాంటి వాటికి ఎంప్టీ చాలు. అంకెలు వచ్చే చోట మాత్రం దాని జోలికి వెళ్లకండి.

నేను ఒక స్కూలుకి మార్కులు ఎక్కించే పేజీ రాశాను. ప్రతి గడికీ ఎంప్టీతో చెక్ పెట్టి, ఖాళీ అయితే "మార్కులు వేయలేదు" అని ఎర్ర అక్షరాల్లో చూపించేవాణ్ణి. యూనిట్ టెస్టులో ఒక అబ్బాయికి లెక్కల్లో సున్నా వచ్చింది. టీచరు గారు 0 కొట్టి సేవ్ నొక్కితే అదే ఎర్ర మాట. నాలుగైదు సార్లు చూసి, పేజీ కదిలితే చాలని 1 వేసేశారు. ఆవిడ ఫోన్ చేసి చెబితే చాలా బాధేసింది. పిల్లాడి మార్కు నా కోడ్ వల్ల మారిపోయింది.

నల్ (విలువే లేకపోవడం), ఫాల్స్, 0, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేమీ లేని టెక్స్ట్), ఖాళీ అర్రే (ఏమీ లేని జాబితా) అన్నీ ఎంప్టీకి ఒకటే, ఖాళీ అనే అంటుంది. ఫారం నుంచి స్ట్రింగ్‌గా వచ్చే "0" కూడా అంతే. విచిత్రంగా "0.0" మాత్రం ఖాళీ కాదు, ఒక్క స్పేస్ ఉన్నా కాదు.

ఇజ్‌సెట్ చూసేది వేరే సంగతి: ఆ పేరుతో విలువ ఉందా, అది నల్ కాకుండా ఉందా అని. టెక్స్ట్ గడి ఖాళీగా వదిలేసినా బ్రౌజర్ ఖాళీ స్ట్రింగ్ పంపుతుంది కాబట్టి ఇజ్‌సెట్ ఉందనే అంటుంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్ అయితే అసలు రానే రాదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. పీహెచ్‌పీ 7లో వచ్చిన ?? గుర్తుతో, గడి రాకపోతే ఖాళీ స్ట్రింగ్ తీసుకుంటాను. దాన్ని ట్రిమ్ చేసి (ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేసి), విలువతో పాటు రకాన్నీ చూసే === పెట్టి ఖాళీ స్ట్రింగ్‌తో పోలుస్తాను. ?? లేకుండా నల్‌ను నేరుగా ట్రిమ్‌కి ఇస్తే 8.1 నుంచి హెచ్చరిక వస్తుంది. రకం చూడకుండా పోల్చే == వద్దు. 0 == '' అన్నది పీహెచ్‌పీ 7లో నిజం, 8లో అబద్ధం. సర్వర్‌లో వెర్షన్ మార్చిన రోజు టెన్షన్ మొదలవుతుంది.

డేటాబేస్‌లో పరీక్షకు రానివాళ్లకు నల్, సున్నా వచ్చినవాళ్లకు 0 పెట్టండి. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ సగటు తీసేటప్పుడు నల్‌ను వదిలేస్తుంది, 0ను కలుపుకుంటుంది. జ్వరమొచ్చి రాని పిల్లకు 0 పెడితే క్లాసు సగటే పడిపోతుంది. ఆ వరుసను మళ్లీ పీహెచ్‌పీలోకి తెచ్చాక, కాలమ్ ఉందో లేదో ఇజ్‌సెట్‌తో తేలదు, నల్ ఉన్నా లేదనే చెబుతుంది. అక్కడ, విలువ నల్ అయినా ఆ పేరు ఉందో లేదో చెప్పే అర్రే_కీ_ఎగ్జిస్ట్స్ (array_key_exists) వాడాలి.

కోడ్ సరిచేసి ఆ 1ని 0 చేశాక, 1 మార్కు ఉన్న పిల్లలందరి పేపర్లూ మళ్లీ చూడమని టీచర్లను అడిగాను. ఇంకో ఇద్దరు దొరికారు.