మూట దించే చెయ్యి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యాసం అందింది. రక్తం ఆక్సిజన్‌ని ఎలా మోస్తుందో మూడు పేజీలు రాశావు. ఎలా వదులుతుందో ఒక్క వాక్యంలో తేల్చేశావు. దాన్ని తిరగెయ్. మోయడంలో పెద్ద చిక్కేం లేదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది, ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ దానంతటదే నిండుతుంది. ఒక అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, వాటికి నాలుగు ఆక్సిజన్ అణువులు. దీనికి ఒక పేరా చాలు.

హిమోగ్లోబిన్‌ని లారీతో పోల్చావు. గుణుపురం సంతకి నెత్తిన మూటతో వచ్చే మనిషిని చూడు. అంత దూరం ఒక్కతే మోసుకొస్తుంది, దించడానికి మాత్రం పక్కవాళ్లు చెయ్యి వెయ్యాలి. పనిచేసే కండరం దగ్గర ఆ చేతులు మూడు: కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, వేడి. అవి పెరిగినచోటే పట్టు సడలుతుంది. కార్బన్ డయాక్సైడ్ చేసే ఈ పనిని 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ బృందం చూపింది. నాలుగో చెయ్యి ఎర్రకణంలోనే ఉంటుంది, బీపీజీ అనే రసాయనం అది. నిల్వ రక్తంలో అది తరిగిపోతుంది. అందుకే ఎక్కించిన తొలి గంటల్లో ఆ రక్తం మూటని అంత తేలిగ్గా దించదు.

"సిరల్లో ఆక్సిజన్ లేని రక్తం" అన్నది కొట్టెయ్. ఊరికే కూర్చున్న మనిషిలో, గుండెకి తిరిగొచ్చే రక్తం ఇంకా 75 శాతం నిండే ఉంటుంది.

లెక్క ఒకటి తప్పక చేర్చు. గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 100 మి.లీ. రక్తంలో 15 గ్రాములున్న మనిషికి ఆ రక్తంలో ఆక్సిజన్ సుమారు 20 మి.లీ., 7 గ్రాములే ఉన్న బాలింతకి 9 చిల్లర. వేలికి పెట్టే ఆక్సీమీటర్ మాత్రం ఇద్దరికీ 98 చూపించగలదు. ఉన్న హిమోగ్లోబిన్ ఎంత శాతం నిండిందో అది చెప్తుంది, హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. కొరాపుట్ చలికి తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్ల సంగతీ రాయి. ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌లో కొన్ని చోట్లు ఆక్రమించి, మిగతా చోట్ల ఉన్న ఆక్సిజన్‌ని కూడా వదలనివ్వదు. ఆక్సీమీటర్ దాన్నీ ఆక్సిజన్ అనుకుని మంచి అంకే చూపిస్తుంది.

కొడవలి కణాల జబ్బుని చివర్లో రెండు లైన్లకి కుదించావెందుకు? మన రాయగడ, కొరాపుట్ పాఠకులకి అది ఇంటి విషయం. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వేలిన్ అనే ఇంకొకటి ఉంటుంది, అంతే తేడా. ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం గుండ్రంగానే ఉంటుంది. మూట దించాకే ఆ హిమోగ్లోబిన్ అణువులు పేనిన తాళ్లలా అతుక్కుని కణాన్ని వంచేస్తాయి. సన్నటి నాళాల్లో ఆ వంగిన కణాలు ఇరుక్కోవడం వల్లే ఆ ఎముకల నొప్పి. చలి, జ్వరం, నీళ్లు చాలకపోవడం దాన్ని రేపుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒకటి మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతమని స్పష్టంగా రాయి.

ఇంకొకటి, "విడుదలగును", "సంభవించును" ఎందుకయ్యా? గిడుగు వారు వాడుకభాష కోసం పోరాడిన ఊరిది. "వదులుతుంది" అను. దించే భాగం మూడు పేజీలు చేసి వచ్చే వారానికి పంపు.