ట్యాంకర్ వెనక గొలుసు ఉండగా మళ్లీ ఎర్తింగ్ క్లిప్పు దేనికి?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు ఈమధ్యే పెట్రోలు, డీజిలు మోసే ట్యాంకర్ మీద డ్రైవరుగా చేరాడు. బండి వెనక గొలుసు రోడ్డుకి రాసుకుంటూ వస్తుంది, స్టాటిక్ కరెంటు దానిగుండా భూమిలోకి పోతుందని అందరూ చెప్తున్నారు. మరి లోడింగ్ దగ్గర ట్యాంకుని వైరుతో భూమికి కలిపే ఎర్తింగ్ క్లిప్పు ఎందుకు, వానాకాలంలో గాలి తడిగా ఉన్నప్పుడు కూడా అది అవసరమా అని.

పదకొండేళ్లు ట్యాంకర్ నడిపాను, ఆ తర్వాత ఏడేళ్లుగా బళ్లలోకి ఇంధనం నింపే చోట, లోడింగ్ బేలోనే పని. క్లిప్పు కావాలి. వానాకాలంలోనూ కావాలి. కానీ మీరు అడగనిది ఇంకొకటుంది, మీ తమ్ముడికి అన్నిటికంటే ముందు అదే చెప్పాలి. క్లిప్పు పెట్టినంత మాత్రాన ట్యాంకు లోపలి ఇంధనంలో ఉన్న చార్జి ఆ క్షణానే పోదు. నేను కళ్లారా చూసిన మంట, క్లిప్పు సరిగ్గా పెట్టి, ఎర్త్ కలిసిందని చూపే పచ్చ లైటు వెలుగుతున్న బండిలోనే లేచింది.

ఆ రోజు పక్క బేలో ఒక డ్రైవరు డీజిలు నింపుకుంటున్నాడు. అంతకు ముందు ట్రిప్పులో అదే ఛాంబర్లో, అంటే ట్యాంకులోని అదే అరలో, పెట్రోలు తీసుకెళ్లాడు. అడుగున కాస్త పెట్రోలు, ఛాంబరు నిండా దాని ఆవిరి మిగిలే ఉన్నాయి. వెనక బళ్లు బారులు తీరి ఉన్నాయని మొదటి నుంచే పంపు పూర్తి వేగంతో వదిలారు. ఆగీ ఆగగానే అతను మూత ఎత్తి, మట్టం కొలిచే డిప్ రాడ్ లోపలికి దించాడు. చేతికి మందపాటి రబ్బరు గ్లౌజులు. రాడ్ కొస డీజిలుని తాకబోతుండగా లోపల 'టప్' మని చిన్న చప్పుడు, ఆ వెంటనే మూతలోంచి మంట. పక్కనున్నతను మూత తన్ని మూసేశాడు కాబట్టి గాలి అందక ఆరిపోయింది. డ్రైవరుకి రెండు ముంజేతులూ, ముఖం ఒక పక్కా కాలాయి. నెలలపాటు స్టీరింగ్ పట్టలేకపోయాడు.

అక్కడ ఏం జరిగిందో అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

పెట్రోలైనా డీజిలైనా గొట్టంలో పారుతున్నప్పుడు గొట్టం గోడతో రాపిడి పడి చార్జి అవుతుంది. ఫిల్టర్ దాటితే ఆ చార్జి ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే ఫిల్టర్లో ద్రవం లక్షలాది సన్న రంధ్రాల్లోంచి దూరి వస్తుంది. నీళ్లయితే ఆ చార్జి వెంటనే లోహంలోకి జారిపోయేది. ఈ ఇంధనాలు కరెంటుని చాలా తక్కువగా పోనిస్తాయి, అందుకే చార్జిని తమలో పట్టుకునే ట్యాంకులోకి వచ్చేస్తాయి. క్లిప్పు చేసే పని ట్యాంకు లోహాన్ని భూమితో కలపడం. లోహం మీద చార్జి నిలవదు, నిజమే. కానీ ద్రవం మధ్యలో, పైభాగాన ఉన్న చార్జి గోడ దాకా నడిచి వెళ్లాలి, దానికి టైము పడుతుంది. ఇంధనం వాహకత, అంటే కరెంటుని పోనిచ్చే గుణం, మీటరుకి 50 పికోసీమెన్స్ ఉంటే అర సెకను కూడా పట్టదు. అదే 1 పికోసీమెన్స్ దగ్గర ఉంటే చార్జి మూడో వంతుకి దిగడానికే 18 సెకన్లు. పూర్తిగా తగ్గాలంటే అంతకి మూడు నాలుగు రెట్లు ఆగాలి.

ఇక్కడ డీజిలు గురించి ఒక మాట. గంధకం బాగా తీసేసిన ఇప్పటి డీజిల్లో, గంధకంతో పాటు కరెంటుని కాస్తో కూస్తో పోనిచ్చే సహజ పదార్థాలు కూడా శుద్ధిలో పోతాయి. అందుకే దాన్లో స్టాటిక్ తగ్గించే మందు కొద్దిగా కలుపుతారు. ఆ మందు కలవకపోయినా, చలి ఎక్కువగా ఉన్నా, చార్జి ఇంకా మొండికేస్తుంది.

ఇక మంట సంగతి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. పెట్రోలు నింపుతున్న ట్యాంకులో ఆవిరి త్వరలోనే దానికి మించిపోతుంది, గాలి చాలదు. డీజిలు మాత్రమే మోసే ట్యాంకులో మామూలు వేడికి ఆవిరే చాలదు, అది అంటుకోవాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఈ రెండిటి మధ్య చిక్కు అంతా పెట్రోలు మోసిన ఛాంబర్లో డీజిలు పోసినప్పుడే. డీజిలు ఆ పాత ఆవిరిని పీల్చుకుంటూ పైకి వస్తుంది, ఆవిరి పలచబడుతూ సరిగ్గా అంటుకునే మోతాదుకి దిగుతుంది. అదే సమయానికి డీజిల్లో చార్జి నిండి ఉంటుంది. మా తోటివాడికి జరిగింది ఇదే. డిప్ రాడ్ అనే లోహపు ముక్క ఆ చార్జి పక్కకి వెళ్లి నిప్పురవ్వకి దారి ఇచ్చింది.

కాబట్టి సరుకు మారినప్పుడు మీ తమ్ముడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. అంతకు ముందు మోసిన సరుకు ఏమిటో నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాయించాలి. ఛాంబర్ని పూర్తిగా ఖాళీ చేయించి, డిపో వాళ్లు ఒప్పుకున్నాకే లోడింగ్ మొదలుపెట్టించాలి. మొదట్లో నెమ్మదిగా వదలాలి: గొట్టం మూతి ద్రవంలో పూర్తిగా మునిగేదాకా సెకనుకి 1 మీటరు వేగం దాటకూడదు. 100 మిల్లీమీటర్ల గొట్టమైతే ఇది నిమిషానికి దాదాపు 470 లీటర్లు. ఆ తర్వాత వేగం పెంచినా దానికో హద్దుంది. రోడ్డు ట్యాంకర్లకి వాడే లెక్క ఏమిటంటే, వేగాన్ని సెకనుకి మీటర్లలో, గొట్టం వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని గుణిస్తే 0.5 దాటకూడదు. అంటే అదే గొట్టంలో సెకనుకి 5 మీటర్లు. వెనక హారన్లు మోగుతుంటే ఈ మొదటి రెండు నిమిషాలు గంటలా అనిపిస్తాయి, నాకు తెలుసు. ఆ రెండు నిమిషాలూ మాత్రం ఎవరి కోసమూ వదులుకోవద్దని చెప్పండి.

నింపడం ఆగాక డిప్ రాడ్, శాంపిల్ బాటిల్ ఏదైనా సరే లోపలికి దించే ముందు ఆగాలి. మా బేలో ఆ ప్రమాదం తర్వాత పది నిమిషాలు పెట్టాం. ఇంతకన్నా తక్కువ చాలనే చోట్లూ ఉన్నాయి, పెద్ద నిల్వ ట్యాంకులకి అరగంట దాకా ఆగమంటారు. మీ తమ్ముడు పనిచేసే చోట నియమం ఏదైతే అది పాటించాలి, దానికంటే ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు. రాడ్‌ని నైలాను తాడుతో దించకూడదు. ట్యాంకు లోపల తేలే లోహపు వస్తువు, జారిపడిన డబ్బా మూత లాంటిదైనా సరే, ఉండకూడదు. అది తేలుతూ చార్జిని పోగుచేసుకుని గోడకి తగిలిన చోట రవ్వ విడుస్తుంది.

గొలుసు సంగతి. బండి పోతున్నప్పుడు మూతలు మూసి ఉంటాయి, బయట అంటుకునే ఆవిరి ఉండదు. టైర్లలో సాధారణంగా నల్లపొడి కార్బన్ ఉంటుంది కాబట్టి బండి మీద చేరిన చార్జి టైర్ల గుండానే చాలావరకు రోడ్డులోకి పోతుంది. గొలుసు ఎగిరెగిరి పడుతూ ఎండిన తారురోడ్డుకి తగిలినప్పుడు అదేమంత గట్టి దారి కాదు, తారు కరెంటుని అంతగా పోనివ్వదు. మీ దగ్గర గొలుసు ఉండాలనే నిబంధన ఉంటే ఉంచండి, తప్పు లేదు. దాన్ని నమ్ముకుని క్లిప్పు మానేయడమే తప్పు. అసలు ప్రమాదం బండి కదిలేటప్పుడు కాదు, ఆగి మూతలు తెరిచినప్పుడు.

వానాకాలం విషయానికొస్తే, తడిగాలి వల్ల మన ఒంటి మీద, బట్టల మీద చేరే స్టాటిక్ తగ్గుతుంది, అది నిజం. కానీ ఇంధనం చార్జి అయ్యేది మూసి ఉన్న గొట్టం లోపల. బయట వాన కురుస్తుందా ఎండ కాస్తుందా దానికి తెలియదు. పైగా ఇంధనంలో నీటి చుక్కలు కలిస్తే అవి అడుగుకి దిగుతూ చార్జి ఇంకా పెంచుతాయి. అందువల్ల వానాకాలం అని ఏ అడుగూ దాటేయకూడదు.

ఒంటి మీద చేరే చార్జిని కూడా చిన్నచూపు చూడొద్దు. సీటు మీద నుంచి జారి దిగినప్పుడు ఒంటి మీద 10,000 వోల్టులు చేరడం మామూలే. దాని శక్తి ఏడు మిల్లీజౌళ్లకి పైగా ఉండొచ్చు. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ దగ్గరగా ఉంటే చాలు. మనకి చెయ్యి చురుక్కుమని తెలియాలంటే ఇంచుమించు 3,000 వోల్టులు కావాలి. ఆ స్థాయిలోనే రవ్వ శక్తి కావాల్సినదానికి రెండింతలు మించిపోతుంది. అంటే మనకి తెలియనంత చిన్న రవ్వ కూడా చాలన్నమాట. క్యాబిన్లోంచి దిగగానే మూతల దగ్గరికి పోకుండా ముందు బండి లోహాన్ని ఒట్టి చేత్తో ఒకసారి పట్టుకోవాలి. చార్జిని నేలలోకి పోనిచ్చే బూట్లు వేసుకోవాలి, నైలాను, పాలియెస్టర్ చొక్కాలు వద్దు. మూతల దగ్గర నిలబడి జాకెట్ విప్పడం, తొడుక్కోవడం అసలు చేయకూడదు.

ఇప్పుడు క్లిప్పు. దీని గురించి నేను కొత్తవాళ్లకి చూపించేది ఒకటే, దాని పళ్లు. మంచి క్లిప్పు పళ్లు మొనదేలి ఉంటాయి, పెయింటుని చీల్చి లోపలి లోహాన్ని పట్టుకుంటాయి. అరిగిపోయిన క్లిప్పుని చూడండి, పళ్లు గుండ్రంగా అయి, సందుల్లో నల్లటి జిడ్డు, పెయింటు పొర ఇరుక్కుని ఉంటుంది. అది తగిలించినట్టే కనిపిస్తుంది కానీ పెయింటునే పట్టుకుని ఉంటుంది. నేను నడిపే రోజుల్లో ఒక అన్‌లోడింగ్ చోట ఎర్త్ చూపించే లైటు లేదు, వైరు ఒక్కటే. నెలలపాటు నేను దాన్ని రంగేసిన మెట్టుకి తగిలించాను. ఒకరోజు మీటరు పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు, అసలు కలవనే లేదు. ఆ రోజు నాకు వెన్నులో వణుకు పుట్టింది. తర్వాత ట్యాంకు మీద పెయింటు లేని ఇత్తడి బోల్టుకి తప్ప ఇంకెక్కడా తగిలించలేదు. లోహానికీ లోహానికీ సరిగ్గా కలిసిన చోట 10 ఓమ్‌ల లోపే ఉండాలి, అంతకు మించితే ఎక్కడో తుప్పో, వదులో ఉన్నట్టు.

వరుస కూడా ముఖ్యం. మూతలు మూసి ఉండగానే ముందు క్లిప్పు పెట్టాలి, ఆ తర్వాతే గొట్టం కలపడం, మూత తెరవడం. విప్పేటప్పుడు గొట్టం తీయడం, అంతా మూయడం అయ్యాక, అన్నిటికంటే చివర క్లిప్పు. క్లిప్పు కలిపే, విప్పే చోట రవ్వ రావచ్చు. ఆ క్షణాన చుట్టూ ఆవిరి లేకుండా చూసుకోవడమే ఈ వరుసలో ఉన్న మర్మం.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది, బకెట్. వాల్వు కింద కారేది పట్టడానికి లోహపు బకెట్ తగిలిస్తారు. దాని తీగ పిడికి చెయ్యి నొప్పి పుట్టకుండా ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంటుంది. పిడి ఆ ప్లాస్టిక్ మీదే వేలాడితే బకెట్‌కి భూమితో సంబంధం ఉండదు. అందులో పడే ప్రతి చుక్కతో అది చార్జి అవుతుంది. పక్కనున్న లోహానికి తగిలినప్పుడు, చుట్టూ ఆవిరి ఉండగానే, రవ్వ వస్తుంది. ఆ ప్లాస్టిక్ తొడుగు తీసేసి, బకెట్‌ని ట్యాంకుతో వైరుతో కలపాలి.

మీ తమ్ముడి బండి కింద నుంచి నింపేదా, పైనుంచి నింపేదా అన్నది మీరు రాయలేదు. పైనుంచి అయితే లోడింగ్ గొట్టం అడుగు దాకా దిగిందో లేదో తనే చూసుకోవాలి. మధ్యలో ఆగిపోయి ఇంధనం పైనుంచి చిమ్ముతూ పడితే చార్జీ, ఆవిరీ రెండూ పెరుగుతాయి. గొట్టం అడుగు దాకా దిగకపోతే పంపు వదలనివ్వొద్దని చెప్పండి.