జ్వరానికి పెదవి పేలితే

చి. శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం పెదవి అంచు చురచురలాడి, తెల్లారేసరికి నీటి పొక్కులు గుత్తిగా లేచాయని రాశావు. ఎదురింటావిడ పసుపూ సున్నం కలిపి పట్టు వేయమందట. సున్నం మాత్రం ముట్టుకోకమ్మా. సెగ్గడ్డలకి వేసే అలవాటు కొద్దీ దీనికీ చెబుతారు. పెదవి చర్మం పల్చన, సున్నం ఘాటుకి కాలిపోతుంది. పదిరోజుల్లో దానంతటదే పోయే పొక్కు స్థానంలో నెలపాటు మచ్చ మిగులుతుంది.

ఇది పురుగు పాకి వచ్చింది కాదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వచ్చింది. చిన్నప్పుడు ఎవరి ముద్దుతోనో, ఎంగిలితోనో ఒంట్లో చేరి, ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో నక్కి ఉంటుంది. జ్వరం, నిద్రలేమి, నెలసరి, ఎండ, వీటిలో ఏదో ఒకటి తగిలినప్పుడు అదే నరం వెంట దిగివస్తుంది. అందుకే ప్రతిసారీ దాదాపు అదే చోట లేస్తుంది. "వేడి చేసింది" అనే మాట పూర్తిగా తప్పనను, ఎండ దీన్ని నిజంగానే లేపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపువాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఈ వైరస్ ఉంది. నలుగురిలోకి వెళ్లడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ముందు అది ఇదేనా కాదా చూసుకో. పెదవి బయటి అంచున, ముందు చురచుర, తర్వాత గుత్తిగా పొక్కులు అయితే ఇదే. బుగ్గ లోపలో, నాలిక కిందో తెల్లటి పుండు అయితే నోటిపూత, దానిది వేరే దారి. మూతి రెండు మూలలూ చీలితే విటమిన్ లోపమో ఫంగసో కావచ్చు. మందుల షాపులో అన్నింటికీ బీ కాంప్లెక్స్ చేతిలో పెడతారు. దీనికి అది చేసేదేమీ లేదు. యాంటీబయాటిక్ కూడా అంతే, చీము పట్టకపోతే దండగ.

మందు బాగా పనిచేసేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. చురుకు తగిలిన గంటలోనే మొదలుపెడితే మేలు. నీకు పొక్కులు లేచి ఒక పూటే అయింది కాబట్టి ఈరోజే అసైక్లోవిర్ 5 శాతం క్రీము తెప్పించు. చర్మానికి రాసేదే అడుగు, కంటి ఆయింట్‌మెంట్ వేరే ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపు నాలుగు గంటలకోసారి, రోజుకి ఐదుసార్లు, ఐదు రోజులు రాయాలి. ఆవగింజంత చాలు. వేలితో కాదు, ఇయర్‌బడ్‌తో, ప్రతిసారీ కొత్తది. ఇంత చేసినా తగ్గేది అరరోజు, మహా అయితే ఒక రోజు. అంతకు మించి ఆశపెట్టుకోకు. చెక్కు కట్టాక రాసినా ఉపయోగం ఉండదు.

మాత్రలు ఇంకొంచెం నయం. వాలాసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటల తేడాతో మరో 2 గ్రాములు, ఒక్కరోజుతో సరి. అయితే డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి మోతాదు తగ్గిస్తారు. నువ్వు పాలిస్తున్న సంగతి కూడా ముందే చెప్పు.

ఇంట్లో చేసుకోదగ్గవి కొన్నే ఉన్నాయి. ఐస్‌ముక్కని పల్చటి నూలుగుడ్డలో చుట్టి ఐదు నిమిషాలు అద్ది తియ్యి, రోజుకి నాలుగైదుసార్లు. వాపూ మంటా దిగుతాయి. నేరుగా ఐస్ పెడితే చర్మం చచ్చుబడుతుంది. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు. చెక్కు కట్టాక వేజలీన్ పల్చగా రాస్తూ ఉండు, లేకపోతే నవ్వినప్పుడల్లా పగిలి నెత్తురొస్తుంది. చెక్కు గోకావంటే మళ్లీ మొదటికొస్తుంది.

తేనె గురించి అడిగావు. 2019లో న్యూజిలాండ్‌లో 952 మంది మీద కనూకా పూల తేనెనీ అసైక్లోవిర్ క్రీమునీ పోల్చి చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా తేలాయి, మానడానికి తేనెకి తొమ్మిది రోజులు, క్రీముకి ఎనిమిది. కాకపోతే అది వైద్యానికని శుద్ధి చేసిన తేనె. మన గిరిజన కార్పొరేషన్ తేనె రాసుకుంటే హాని లేదు, కానీ క్రీము మాని దాని మీదే ఆధారపడకు. పాప నోటికి మాత్రం చుక్క కూడా తగలనివ్వకు. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణం తీసే జబ్బు రావచ్చు. అన్నప్రాశనలో తేనె నాకించే పెద్దవాళ్లుంటారు, ముందే చెప్పి ఉంచు.

వెల్లుల్లి, నిమ్మరసం, టూత్‌పేస్టు, డెట్టాల్, పటిక, వీటిలో ఏదీ వద్దు. అన్నీ మండించేవే. అక్కి అనుకుని కావిరంగుతో బొమ్మ రాయించుకోమంటారు. పొక్కు తనంతట తాను మానుతుంది, పేరు కావికి దక్కుతుంది. చిట్లిన పుండు మీద మట్టి పడితే చీము పట్టొచ్చు. వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంట్లో మిగిలిన దురద క్రీము రాయడం. బెటామెథాసోన్, క్లోబెటాసోల్ అని ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్. ఒక రోజు ఎరుపు తగ్గినట్టే కనిపించి, ఆ తర్వాత పొక్కులు పాకుతాయి.

ఇక పాప సంగతి. పొక్కులు చిట్లి నీరు కారే రోజుల్లో అంటడం ఎక్కువ. చెక్కు రాలి కింద చర్మం పూర్తిగా మూసుకునేదాకా ముద్దులు వద్దు. ఆదివారం పాప అన్నప్రాశన నాటికి నీది మానకపోవచ్చు, మాస్కు పెట్టుకుని కూర్చో. పాయసం వేడి పెదవికి తగిలించి చూడకు, మణికట్టు మీద వేసి చూడు. నువ్వు రుచి చూసిన చెంచా పాప నోట్లోకి వెళ్లకూడదు. మూతి పేలిన చుట్టాలెవరైనా వస్తే వాళ్లకీ ఇదే మాట, మొహమాటపడకు. పాలివ్వడం ఆపనక్కర్లేదు, రొమ్ము మీద పొక్కు లేకపోతే చాలు. ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కో. తువ్వాలు, గ్లాసు, లిప్‌స్టిక్ విడిగా ఉంచు.

తిండిలో నాలుగు రోజులు ఆవకాయ, పులిహోర పక్కన పెట్టు. చోడి అంబలి, పెరుగన్నం పెదవికి హాయిగా ఉంటాయి.

తగ్గాక ఎండ చూసుకోవాలి. మీ విశాఖ బీచ్ రోడ్డులో పై ఎండకి తోడు ఇసుక మీంచీ నీళ్ల మీంచీ వెలుగు ఎదురు కొడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్‌బామ్ రెండు గంటలకోసారి రాసుకో. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్తానన్నావు. 32 కిలోమీటర్ల నడక, ఆపైన నిద్ర ఉండదు, పెదవి పేలడానికి ఇంకేం కావాలి? డాక్టరుని ముందే అడిగి మాత్రలు సంచిలో పెట్టుకో.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు, ఈ వైరస్ నల్లగుడ్డుని పాడుచేస్తుంది. అందుకే పొక్కు ముట్టిన చేత్తో కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవద్దు. రెండు వారాలు దాటినా మానకపోయినా, ఏడాదికి ఆరేడుసార్లు వస్తున్నా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లు, రాకుండా రోజూ వేసుకునే మాత్రలు రాస్తారు. పాపకి జ్వరం వచ్చి, చిగుళ్లు వాచి, పాలు పట్టకపోతే మాత్రం ఒక్క పూట కూడా ఆగకు.

పెద్దమ్మ