టెలోమియర్లు పొట్టిగా ఉంటే అల్జీమర్స్ ఖాయమా?

ప్రశ్న: మా అమ్మగారికి 74వ ఏట అల్జీమర్స్ బయటపడింది. నాకు 52. రక్తపరీక్షలో నా టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయనీ, నా ‘జీవ వయసు’ 61 అనీ వచ్చింది. నాకూ ఆ జబ్బు వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అంకె చూసి బెంగ పెట్టుకోకండి. అసలది ఎలా పుట్టిందో చూద్దాం.

క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల డీఎన్ఏ వరస వేలసార్లు మళ్లీ మళ్లీ వస్తుంది. అదే టెలోమియర్. కణం విభజన చెందిన ప్రతిసారీ కొస కాస్త తరుగుతుంది. పెద్దవాళ్ల తెల్లరక్తకణాల్లో ఏడాదికి సుమారు 20 నుంచి 40 అక్షర జతలు (డీఎన్ఏలో అక్షరాలు జంటలుగా ఉంటాయి) పోతాయి. ఇలాంటి రిపోర్టులకు తరచూ వాడే, డీఎన్ఏ మోతాదును లెక్కగట్టే క్యూపీసీఆర్ పరీక్ష ఈ పొడవును నేరుగా కొలవదు. టెలోమియర్ డీఎన్ఏ మోతాదును మరో జన్యువు మోతాదుతో పోల్చి, నిష్పత్తి మాత్రం చెబుతుంది. చిక్కంతా ఇక్కడే. సగటు పొడవు 7,000 జతలనుకోండి. కొలతలో 5 శాతం తేడా వచ్చిందంటే 350 జతలు. ఏడాదికి 30 చొప్పున అది దాదాపు 12 ఏళ్ల తరుగు! మీ అసలు వయసుకూ రిపోర్టు చూపిన 61కీ మధ్య ఉన్న తొమ్మిదేళ్ల తేడా అందులోనే కలిసిపోతుంది. రక్తం నుంచి డీఎన్ఏ తీసే పద్ధతి మారినా ఫలితం మారుతుంది. పైగా పుట్టుకతోనే ఈ పొడవు మనిషికీ మనిషికీ వేల జతల తేడాతో ఉంటుంది.

జబ్బుతో సంబంధం బొత్తిగా లేదనలేం. అల్జీమర్స్ రోగుల తెల్లరక్తకణాల్లో టెలోమియర్లు సగటున పొట్టిగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో తేలింది. కానీ రోగుల కొలతలూ ఆరోగ్యవంతుల కొలతలూ చాలావరకు ఒకదానిమీద ఒకటి పడతాయి, కాబట్టి ఒక మనిషి అంకెను బట్టి జోస్యం చెప్పలేం. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ అధ్యయనంలోనైతే మరీ పొట్టివాటికీ, మరీ పొడుగువాటికీ కూడా ముప్పు ఎక్కువగానే కనిపించింది. ఇంకోటి, మెదడులోని నాడీకణాలు దాదాపుగా విభజన చెందవు. రక్తంలో కొలిచినది వాటి సంగతి చెప్పదు.

మీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. పై బీపీ 130 దాటకుండా చూసుకోండి. ఇంట్లో కొలిచేటప్పుడు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు తీయండి. చెడు కొలెస్ట్రాల్, షుగర్ చూపించుకోండి. వినికిడి తగ్గితే మిషన్ పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు. మీ కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి 65 ఏళ్లలోపే ఈ జబ్బు వచ్చి ఉంటే మాత్రం జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. టెలోమియర్ పరీక్ష కన్నా అదే అసలు సమాచారం ఇస్తుంది.

ప్రశ్న: టెలోమియర్లను పొడిగించే మాత్రలు వాడొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దు. వాటితో అల్జీమర్స్ ఆగినట్టు రుజువు లేదు. టెలోమియర్లను పొడిగించే ఎంజైమ్ టెలోమరేజ్. దాన్ని కనిపెట్టినందుకు కూడా కలిపి 2009లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. అయితే క్యాన్సర్ కణాల్లో ఎక్కువ శాతం ఆ ఎంజైమ్‌నే వాడుకుని ఆగకుండా పెరుగుతాయి. జన్యుపరంగా టెలోమియర్లు పొడుగ్గా ఉన్నవాళ్లలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), గ్లియోమా (ఒక రకం మెదడు కణితి) వంటి క్యాన్సర్ల ముప్పు ఎక్కువని కూడా తెలిసింది. ఇప్పటికే వాడుతుంటే ఆపేసి, ఎన్నాళ్లు వాడారో డాక్టరుగారికి చెప్పండి.