ముందు ఏ కణమో చెప్పు

తమ్ముడూ,

ఆస్తమా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ, సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏ అంటూ వరసపెట్టి దింపేశావు, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని చదివేవాడికి అక్కడే ఆయాసం వస్తుంది.

ఒక్కదాన్ని పట్టుకో. నన్నడిగితే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-155. సుమారు 22 అక్షరాల పోగు, దాన్నుంచి ప్రొటీన్ ఏదీ తయారవదు, వేరే జన్యువుల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి, అంటే ప్రొటీన్ తయారీకి సూచనలు మోసుకెళ్లే నకలుకి, అతుక్కుని వాటి ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. తగ్గిస్తుంది అంటున్నాను, చూశావా? నువ్వేమో "స్విచ్ ఆపేస్తుంది" అని రాశావు. చాలాసార్లు జరిగేది రేడియో సౌండ్ కాస్త తగ్గించడం లాంటిదే.

అసలు కథ ఇక్కడుంది. 2007లో ఈ 155 లేని ఎలుకల్ని చూస్తే వాటి టి కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) టీహెచ్2 వైపు, అంటే అలర్జీని ఎగదోసే ఇంటర్‌ల్యూకిన్-4 లాంటి సంకేత ప్రొటీన్లు వదిలే వైపు మొగ్గాయి. ఆ ఇంటర్‌ల్యూకిన్-4ని పెంచే సి-మాఫ్ అనే ప్రొటీన్‌కి పగ్గం వేసే 155 లేకపోవడం అందుకు ఒక కారణం. అయితే 155 మంచిదే అనుకుంటాం కదా? 2014లో 155 లేని ఎలుకలకే కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్‌తో అలర్జీ తెప్పిస్తే, ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్, అంటే అలర్జీలో పోగయ్యే తెల్ల రక్తకణాలు, మామూలు ఎలుకల్లో కంటే తక్కువ చేరాయి! నువ్వు మొదటిది రాసి రెండోది మింగేశావు, వ్యాసం చిక్కుపడుతుందని కాబోలు. ఆ చిక్కే కదయ్యా చదివించేది. 155 టి కణాల్లోనే కాదు, బి కణాలు, డెండ్రైటిక్ కణాలు లాంటి వేరే రోగనిరోధక కణాల్లో కూడా పనిచేస్తుంది, అన్నిచోట్లా దాని గురి ఒకటే కాదు. కాబట్టి ఏ కణంలో, ఎలుకలోనా మనిషిలోనా అన్నది చెప్పకుండా ఒక్క వాక్యం కూడా వదలకు.

నోబెల్ పేరా తీసెయ్. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో బహుమతి వచ్చింది మైక్రో ఆర్‌ఎన్‌ఏని కనిపెట్టినందుకు, అదీ ఒక చిన్న పురుగులో, ఆస్తమాకి కాదు.

ఇక "ఆర్‌ఎన్‌ఏతో ఆస్తమాకి చెక్" అనే ఆ టైటిల్. మృగశిర కార్తెకి చేపమందు కోసం హైదరాబాద్‌లో బారులు తీరే జనం కూడా మన పాఠకులే, అది చూసి ఎవరైనా ఇన్‌హేలర్ పక్కన పడేస్తే? ఆస్తమాకి మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు. నువ్వు ఉదాహరణగా ఇచ్చిన మెపోలిజుమాబ్ అనే ఆస్తమా మందు, ఇంటర్‌ల్యూకిన్-5 అనే ఇంకో సంకేత ప్రొటీన్‌ని అడ్డుకునే యాంటీబాడీ, దానికీ మైక్రో ఆర్‌ఎన్‌ఏకీ సంబంధం లేదు.

టెన్షన్ పడకు, డెడ్‌లైన్ సంగతి నేను చూసుకుంటా. 155 ఒక్కదానితోనే తిరగరాసి పంపు.