సమాధి మీది మొక్కకు పేరు పెట్టే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం ఆసాంతం చదివాను. పాత శ్మశానాల్లో సమాధుల మీద పెరిగే, ఏ రకమో ఎవరికీ తెలియని, దళసరి ఆకులు గులాబీ పువ్వులా గుత్తి కట్టే హౌస్‌లీక్ మొక్కల గురించి రాయాలనుకోవడం మంచి ఆలోచన. నీకు వాక్యమూ బాగానే పలుకుతోంది. నా పేచీ ఒక్కటే. రెండో పేరాకే మొక్కకు పేరు పెట్టేశావు. ఎర్రటి ఆకులు, ఊదా కొనలు, ఎక్కడో చూసిన ఫొటోతో పోలిక కుదిరింది, కనుక ఇది ఫలానా రకం అన్నావు. ఆ తర్వాత చదివేవాడికి చూడ్డానికి ఏం మిగిలింది?

ఈ మొక్క రంగును నమ్ముకుని బాగుపడినవాళ్ళు లేరు. వసంతంలో నిగనిగలాడిన ముదురెరుపు వేసవి ముదిరేసరికి పచ్చబడుతుంది. చలికాలంలో బయటి ఆకులు ఎండి, గుత్తి ముడుచుకుని, ఇదేదో వేరే మొక్క అనిపిస్తుంది. ఎండ మారినా, మట్టిలో సత్తువ మారినా రంగు మారుతుంది. సైజూ అంతే. రాతి పగుల్లో పస్తులుండి పెరిగిన పిలక బొటనవేలి గోరంత ఉంటే, అదే తల్లికి పుట్టిన ఇంకో పిలక మంచి మట్టిలో అరచేతి వెడల్పుకు ఎదగగలదు. పైగా ఇవి ఒకదాంతో ఒకటి సుళువుగా సంకరమవుతాయి, గింజ మొక్కలు తల్లిని పోలి ఉంటాయన్న హామీ లేదు. పేరున్న రకాలే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. ఇన్నిట్లో ఒక ఫొటోకు పోలిక కుదరకపోతేనే వింత.

కాబట్టి పోల్చదలచుకున్న మొక్కల్ని, పేరు కచ్చితంగా తెలిసిన ఒకటి రెండిటితో కలిపి, ఒకే మట్టిలో, ఒకే ఎండలో పక్కపక్కన కనీసం ఏడాది పెంచు. నీ వ్యాసంలో జరగాల్సిన కథంతా ఆ ఏడాదిలోనే ఉంది. నువ్వేమో దాన్ని ‘కొంతకాలం పరిశీలించాక’ అని రెండు ముక్కల్లో తేల్చేశావు.

భూతద్దం పట్టుకుని ఆకు దగ్గర కూర్చో. హౌస్‌లీక్‌ల ప్రజాతికి శాస్త్రీయ నామం సెంపర్వివమ్. అందులో టెక్టోరమ్ అనే జాతి అయితే ఆకు పైభాగం సాధారణంగా నున్నగా ఉండి, అంచుల వెంట మాత్రం కనురెప్పల్లా తెల్లటి నూగు కనిపిస్తుంది. మోంటానమ్‌లో ఆకంతా సన్నటి నూగే, ముట్టుకుంటే జిగటగా ఉంటుంది. అరాక్నాయిడియమ్‌లో ఆకు కొన నుంచి ఆకు కొనకు సాలెగూడు అల్లినట్టు దారాలుంటాయి. సంకరాల్లో ఇవన్నీ సగం సగం కలిసిపోతాయి, అక్కడే అసలు చిక్కు. ఆ చిక్కును దాచిపెట్టకుండా రాస్తే వ్యాసానికి బలం వస్తుంది.

పూసేదాకా ఆగు. పూసిన గుత్తి ఎలాగూ చచ్చిపోతుంది, చుట్టూ ఉన్న పిలకలే వంశం నిలబెడతాయి. అందుకే కొందరు పూకాడ కనబడగానే తుంచేస్తారు. గుర్తుపట్టాలనుకునేవాడు మాత్రం ఆ పని చెయ్యకూడదు. పువ్వు నక్షత్రంలా విచ్చుకుంటుందా, రేకులెన్ని, గులాబీ రంగా, పసుపా? లేత పసుపు రంగులో, ఆరేడు రేకులతో, అంచులు కుచ్చులు కుచ్చులుగా, గంటలా ముడుచుకున్న పువ్వయితే అది జొవిబార్బా వైపుది. దాన్ని కొందరు వేరే ప్రజాతి అంటారు, కొందరు సెంపర్వివమ్‌లోనే కలుపుతారు.

కేసరాల్ని మరీ జాగ్రత్తగా చూడు. ఇళ్ళ కప్పుల మీద తరతరాలుగా పెరిగిన కొన్ని టెక్టోరమ్ మొక్కల్లో కేసరం వికృతంగా మారి, పుప్పొడి ఉండాల్సిన చోట గింజలు కావాల్సిన చిన్న చిన్న అండాలు కనబడతాయి. 19వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని గమనించి రాసిపెట్టారు. దూరదూరంగా ఉన్న రెండు సమాధుల మీది మొక్కల్లో ఒకే తీరు వికృతి కనిపిస్తే, పిలకలుగా చేతులు మారుతూ వచ్చిన ఒకే మొక్క కావచ్చునని అనుమానించే హక్కు నీకుంటుంది. అనుమానమని రాయి, రుజువని రాయకు.

సమాధి రాయి మీద తేదీ చూసి మొక్క వయసు కట్టావు. అది చెల్లదు. రాయి నిలబెట్టిన ఎన్నో ఏళ్ళకు మనవరాలెవరో నాటి ఉండొచ్చు. పక్క సమాధి మీంచి పిలక దొర్లుకుంటూ వచ్చి వేరూని ఉండొచ్చు. పాత ఫొటోలో ఆ మొక్క కనిపిస్తే, కుటుంబంలో పెద్దవాళ్ళు చెబితే, అప్పుడు ఆ మాట వాళ్ళ పేరు మీదే రాయి.

షార్లమేన్ చక్రవర్తిని మొదటి పేరాలోంచి తీసెయ్. సుమారు 800 నాటి ఆయన రాచభూముల శాసనంలో తోటమాలి తన ఇంటి మీద ఈ మొక్క పెంచాలని ఉన్న మాట నిజమే. హౌస్‌లీక్ మీద రాసే ప్రతివాడూ అక్కణ్ణించే మొదలుపెడతాడు. అయినా అది ఇంటి కప్పు సంగతి, నీది సమాధి సంగతి. నీకు పనికొచ్చే పెద్దమనిషి ఐర్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ లాయిడ్ ప్రేగర్. 1932లో ఈ సెంపర్వివమ్ గుంపు మొత్తం మీద పెద్ద గ్రంథం వేశాడు. మొక్కల్ని ఎంత ఓపిగ్గా వర్ణించాడో చూసి నేర్చుకో.

పిలక తీసే ముందు ఆ కుటుంబాన్నో, శ్మశానం చూసుకునేవాళ్ళనో అడుగు. ఒక్కటి చాలు. జర్మనీలో సమాధి స్థలాన్ని సాధారణంగా కొన్నేళ్ళ గడువుకే ఇస్తారు. గడువు పొడిగించకపోతే రాయితోపాటు మొక్కా పోతుంది. అలాంటిచోట తొందర అర్థం చేసుకోగలను, అయినా అడగాల్సిందే. చనిపోయినవారి పేరు, సమాధి వరస నంబరు అచ్చులో వేయకు.

నీ నోటుబుక్కులో ‘తూర్పు గోడ, ఎర్ర కొన’ లాంటి గుర్తు పెట్టుకో. అసలు పేరు దొరికేదాకా వ్యాసంలోనూ అదే వాడు. అయితే శాస్త్రీయ నామం పక్కన దాన్ని ఒంటి కోట్ గుర్తుల్లో పెట్టకు. అక్కడ ఆ గుర్తులు సాగు మొక్కల నామకరణ నియమావళి ప్రకారం ప్రచురించిన రకాల పేర్లకే చెల్లుతాయి.

రెండో పేరా, నాలుగో పేరా తిరగరాసి పంపు. పూత వచ్చాక కేసరాల ఫొటోలు కూడా, దగ్గర్నుంచి తీసినవి.

ఆశీస్సులతో,
అన్నయ్య